టూరింగ్ బండి వెనక నుంచి గర్ర్‌మని సౌండ్ వస్తోందా? చైన్ సెట్ కొనే ముందు ఇది చదవండి

లగేజీ కట్టుకుని లాంగ్ వెళ్లే బండికి వెనక నుంచి కొత్తగా ఏదైనా సౌండ్ మొదలైతే ఎవర్ని అడిగినా ఫస్ట్ వచ్చే మాట "చైన్ సెట్ మార్చెయ్" అనే, అంటే చైనూ, అది తిరిగే ముందూ వెనకా పళ్ల చక్రాలూ (స్పాకెట్లు). చాలాసార్లు అది కరెక్టే, చైన్ అరిగితే సౌండ్ వస్తుంది, కాదనను. కానీ కొత్త చైన్ సెట్ వేశాక కూడా అదే సౌండ్ అలాగే వస్తున్న బళ్లు చాలా చూశాను, అప్పుడు ఓనర్‌కి డబ్బులు పోయినదాని కన్నా బండి మీద నమ్మకం పోయిందన్న బాధే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే ఇంటికి వందల కిలోమీటర్ల దూరంలో, వెనక సీట్లో ఇంకో మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు ఆ గర్ర్ సౌండ్ వింటూ బండి నడపడం అంటే మామూలు టెన్షన్ కాదు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. సౌండ్ ఎక్కణ్నుంచి వస్తోంది అని చెవితో వెతకడం తర్వాత, అది దేనితో పాటు మారుతోంది అన్నది ముందు పట్టుకోండి. బండి స్పీడుతో మారుతోందా, ఇంజన్ ఆర్పీయంతో మారుతోందా, లోడ్ పడితేనే వస్తోందా? చెవి మోసం చేస్తుంది. ఫ్రేమూ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మూ అంతా మెటలే కాబట్టి వెనక హబ్‌లో (చక్రం మధ్య భాగంలో) పుట్టిన సౌండ్ కాళ్ల కింద ఇంజన్‌లో నుంచి వస్తున్నట్టు వినపడుతుంది, దాని పైన హెల్మెట్ గాలి హోరు ఒకటి. కానీ స్పీడు, ఆర్పీయం, లోడు, ఈ మూడూ అబద్ధం చెప్పవు.

నా బండి చైన్ డ్రైవ్. దానికి వచ్చిన సౌండ్ ఎలా ఉండేదంటే 50 దాటాక మెల్లగా గర్ర్‌మని మొదలై, 70 దగ్గర ఫుట్‌రెస్టుల్లో సన్నగా వైబ్రేషన్ లాగా తగిలేది, రెండు పక్కలా పెట్టెలు నిండుగా ఉంటే ఇంకా గట్టిగా, ఖాళీగా ఉంటే దాదాపు వినపడేది కాదు. చైన్ శుభ్రంగా ఉంది, ఆయిల్ ఉంది, స్పాకెట్ పళ్లు కూడా చూడ్డానికి బాగానే ఉన్నాయి.

ఫస్ట్ చేసే టెస్టు క్లచ్‌ది. ఖాళీగా ఉన్న స్ట్రెయిట్ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, సౌండ్ వచ్చే స్పీడుకి తెచ్చి క్లచ్ పూర్తిగా పట్టుకోండి, ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఇంజన్ ఐడిల్‌కి పడిపోతుంది, బండి అదే స్పీడులో దొర్లుతూ ఉంటుంది. అప్పుడు కూడా సౌండ్ అలాగే ఉంటే టైరు, వీల్ బేరింగులు, బ్రేక్ ప్యాడ్ పట్టేస్తుండటం, లేదా లోడ్ లేకపోయినా సౌండ్ చేసేంత పాడైన చైన్, వీటిలో ఏదో ఒకటి. సౌండ్ పోయి, మళ్లీ క్లచ్ వదిలి ఎక్సిలేటర్ ఇవ్వగానే వచ్చిందంటే లోడ్ మీద ఆధారపడే సౌండ్ అన్నమాట. ఇప్పుడు అదే స్పీడులో ఒక గేరు పైకి, ఒక గేరు కిందకి మార్చి చూడండి. గేరుతో పాటు సౌండ్ టోన్ మారితే అది ఇంజన్ లేదా గేర్‌బాక్స్ వైపు. ఏ గేరులో ఉన్నా అదే స్పీడుకి అదే టోన్ ఉంటే ముందు స్పాకెట్ నుంచి వెనక వైపు వెతకాలి. నాది ఈ రెండో రకం, క్లచ్ పడితే మాయం, గేరు మార్చినా టోన్ మారదు. దీంతో ఇంజన్ విప్పాల్సిన పని లేదని తేలిపోయింది, సగం భయం అక్కడే పోయింది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తా, బండి నిలబెట్టి న్యూట్రల్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు లోపల గలగలమంటూ, క్లచ్ పట్టుకోగానే ఆగిపోయే సౌండ్ ఉంటే అది క్లచ్ బాస్కెట్ (క్లచ్ ప్లేట్లు ఉండే గిన్నె) లేదా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ వైపు చూడాల్సింది, చైన్‌కి దానికి సంబంధం లేదు.

రెండో టెస్టు నాకు చాలా ఇష్టమైనది, దీనికి పానా కూడా అక్కర్లేదు. టక్, టక్ అని ఆగి ఆగి వచ్చే సౌండ్ అయితే బండిని న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తోస్తూ ఆ టక్ ఎంత దూరానికి ఒకసారి వస్తోందో చూడండి. ఉదాహరణకి ముందు స్పాకెట్‌కి 15 పళ్లు, వెనక 45, చైన్ 112 లింకులు అనుకుందాం. వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2 మీటర్లు కదులుతుంది, ఆ టైములో 45 లింకులు దాటతాయి, ముందు స్పాకెట్ 3 చుట్లు తిరుగుతుంది. చైన్ మొత్తం ఒక రౌండు వేయాలంటే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి. అంటే 5 మీటర్లకి ఒకసారి టక్‌మంటే చైన్‌లో ఒక లింకు బిగుసుకుపోయింది, 2 మీటర్లకి ఒకసారి అయితే వెనక స్పాకెట్ లేదా చక్రం లేదా డిస్క్, అర మీటరు దాటాక ముప్పావు మీటరు లోపే మళ్లీ మళ్లీ వస్తే ముందు స్పాకెట్. టైరు మీద సుద్దతో ఒక గీత, చైన్ లింకు మీద పెయింట్ చుక్క పెట్టుకుంటే ఇంకా క్లియర్‌గా తెలుస్తుంది. మీ బండి పళ్లు లెక్కపెట్టుకుని మీ నంబర్లు వేసుకోండి. ఇదే లెక్కలో 80 స్పీడు దగ్గర సెకనుకి దాదాపు 500 పళ్లు చైన్‌ని పట్టుకుని వదుల్తాయి, అందుకే పళ్ల నుంచి వచ్చే సౌండ్ గుంయ్‌మని ఒక స్వరం లాగా ఉంటుంది, స్పీడు పెరిగేకొద్దీ ఆ స్వరం పైకి వెళ్తుంది. బేరింగ్ సౌండ్ అలా ఉండదు, గరగరమని ఇసుక నలిగినట్టు ఆగకుండా వస్తుంది. ఈ రెండు సౌండ్లకి తేడా ఒకసారి చెవికి అలవాటైతే మళ్లీ మర్చిపోరు.

నా బండికి టక్ లేదు, గరగరే. అయినా చైన్ సంగతి తేల్చకుండా హబ్ విప్పడం ఎందుకని ముందు చైన్ కొలిచాను. 520, 525, 530 ఏ సైజు చైన్ అయినా ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకి దూరం 15.875 మిల్లీమీటర్లు, కాబట్టి చైన్‌ని కింద నుంచి కాస్త బరువు వేలాడదీసి టైటుగా ఉంచి 21 పిన్నుల మధ్య, అంటే 20 ఖాళీలు కొలిస్తే కొత్త చైన్ 317.5 మిల్లీమీటర్లు చూపించాలి. మార్చాల్సిన లిమిట్ చాలా బళ్ల మాన్యువల్లో 319 నుంచి 323 మధ్యలో ఎక్కడో ఉంటుంది, మీ బండిది చూసుకోండి. ఒకే చోట కొలిచి వదిలేయకుండా మూడు నాలుగు చోట్ల కొలవండి, ఎందుకంటే చైన్ ఎప్పుడూ సమానంగా సాగదు, ఒక దగ్గర టైటు ఒక దగ్గర లూజు అయిపోతే ఎంత అడ్జస్ట్ చేసినా సౌండ్ పోదు, దానికి మార్చడమే మందు. వెనక స్పాకెట్ చివర దగ్గర చైన్‌ని వేలితో వెనక్కి లాగి చూడండి, పన్ను సగం కన్నా ఎక్కువ బయటకి కనపడితే పని అయిపోయినట్టే. పళ్లు ఒక పక్కకి వంగి కొక్కెంలా అయినా అంతే. మార్చేటప్పుడు చైనూ రెండు స్పాకెట్లూ కలిపే మార్చండి, పాత పళ్ల మీద కొత్త చైన్ వేస్తే కొత్తది తొందరగా పోతుంది.

ఇక్కడ ఒక మాట, ఇది మాత్రం దయచేసి వినండి. ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో వేసి, చక్రం దానంతటదే తిరుగుతుంటే గుడ్డ పట్టుకుని చైన్ తుడవడం, సౌండ్ వినడానికి చెయ్యి దగ్గర పెట్టడం చేయొద్దు. గుడ్డని చైన్ లాక్కుంటే వేలు స్పాకెట్‌లోకి వెళ్లడానికి సెకను కూడా పట్టదు, వేళ్లు పోతాయి. చక్రం ఎప్పుడూ చేత్తోనే తిప్పాలి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో.

చైన్ బాగుంది. తర్వాత లూజు, అంటే కింది చైన్ మధ్యలో పైకీ కిందకీ ఎంత కదులుతుందన్నది. టూరింగ్ బళ్లలో ఎక్కువ గోల ఇక్కడే అని నా నమ్మకం. డబుల్ స్టాండ్ వేసి ఖాళీ బండి మీద చైన్ బాగా బిగిస్తే చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, కానీ మనిషి, వెనక మనిషి, పెట్టెలు, అన్నీ ఎక్కాక సస్పెన్షన్ కిందకి దిగుతుంది, ముందు స్పాకెట్ మధ్య, స్వింగార్మ్ పివట్ (అది ఫ్రేముకి తగిలి ఊగే చోటు), వెనక యాక్సిల్ (చక్రం ఇరుసు) మూడూ ఒకే గీతలోకి వచ్చే చోట చైన్ అన్నిటికన్నా టైటు అవుతుంది. ఆ చోట కూడా కొంచెం లూజు మిగలాలి, లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద, వెనక స్పాకెట్ బేరింగ్ మీద పడుతుంది. లూజు కొలత ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, కొన్నిటికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు, సస్పెన్షన్ ప్రయాణం ఎక్కువున్న అడ్వెంచర్ బళ్లకి 35 నుంచి 45, ఇంకా ఎక్కువ కూడా, అదీ కొన్నిటికి సైడ్ స్టాండ్ మీద కొలవమంటారు కొన్నిటికి డబుల్ స్టాండ్ మీద. స్వింగార్మ్ మీద స్టిక్కర్ ఉంటే దాన్ని నమ్మండి, లేకపోతే మాన్యువల్. వేరే బండి నంబరు తెచ్చి మన బండికి పెట్టకూడదు. నేను ఇద్దర్ని బండి మీద కూర్చోబెట్టి కింద చైన్‌ని వేలితో ఎత్తి చూస్తే అస్సలు కదలట్లేదు, తీగ లాగా బిగుసుకుని ఉంది, అంతకుముందు సర్వీసులో బాగా బిగించేశారు. చెప్పిన లూజుకి తెచ్చి మళ్లీ లోడుతో నడిపితే సౌండ్ తగ్గింది. తగ్గింది కానీ పోలేదు. అంటే చైన్ అలా టైటుగా తిరిగినన్నాళ్లూ దాని లాగుడు ఎవరి మీదో పడింది, ఆ డ్యామేజీ అయ్యింది ఎవరో కనుక్కోవాలి.

అలైన్‌మెంట్ కూడా పనిలో పనిగా చూశా. స్వింగార్మ్ మీద గీతల్ని పూర్తిగా నమ్మలేం, పివట్ మధ్య నుంచి యాక్సిల్ మధ్యకి రెండు పక్కలా కొలిస్తే సరిగ్గా తెలుస్తుంది. వంకరగా ఉంటే వెనక స్పాకెట్ పళ్లకి ఒక పక్కే మెరుపు కనపడుతుంది. నాది రెండు పక్కలా ఒకేలా ఉంది.

హబ్ విప్పే ముందు ఇంకో చిన్న పరీక్ష. బాగా తిరిగొచ్చాక, చివర్లో వెనక బ్రేక్ వాడకుండా ఆగి, హబ్‌కి స్పాకెట్ వైపు మధ్యలో యాక్సిల్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, డిస్క్ మాత్రం ముట్టుకోవద్దు, కాలుతుంది. మంచి బేరింగ్ మహా అయితే గోరువెచ్చగా ఉంటుంది. పాడైపోతున్న బేరింగ్ చెయ్యి పెడితే తెలిసేంత వేడెక్కుతుంది. నాది తెలిసింది.

చక్రం తీశాక వెనక స్పాకెట్ ఉండే క్యారియర్ చేత్తో లాగితే హబ్‌లో నుంచి ఊడి వస్తుంది. చాలామంది వీల్ బేరింగులు రెండూ చూసి ఓకే అంటారు, ఈ క్యారియర్‌కి సొంతంగా ఇంకో బేరింగ్ ఉందన్న సంగతే గుర్తుండదు, కానీ చైన్ లాగే బలం అంతా మొదట పడేది దీని మీదే. వేలు లోపల పెట్టి ఇన్నర్ రేస్‌ని (బేరింగ్ లోపలి రింగుని) మెల్లగా తిప్పండి, తొందరగా తిప్పితే తెలీదు, మెల్లగా తిప్పితేనే తెలుస్తుంది. మంచిది నూనెలో తిరిగినట్టు తిరుగుతుంది. నాది తిప్పితే వేలికి చిన్న చిన్న మెట్లు ఎక్కి దిగినట్టు తగిలింది, ఒక చోట ఆగింది, కొంచెం బలం పెడితే కటక్‌మని దాటింది. సీల్ అంచు తీస్తే లోపల గ్రీజు లేదు, ఇటుక రంగు తడి బురద ఉంది. పక్కనే యాక్సిల్ మీద ఉండే చిన్న గొట్టం, స్పేసర్ అంటారు, దాని మీద సీల్ పెదవి ఆనే చోట గోరు తగిలేంత గాడి పడిపోయింది. మొత్తం కథ అక్కడే అర్థమైపోయింది. గాడి పడిన స్పేసర్ మీద సీల్ ఆనదు, వాన నీళ్లు, ప్రెషర్ వాటర్ వాష్ నీళ్లు లోపలకి వెళ్తాయి, గ్రీజు పోతుంది, పైన టైటు చైన్ లాగుడు. అందుకే హబ్ మధ్యలోకి ప్రెషర్ గన్ పెట్టి కొట్టొద్దని అందరికీ చెప్తుంటా.

హబ్‌లో కుదుపుని మింగే డంపర్ రబ్బర్లు కూడా అప్పుడే చూడాలి. క్యారియర్ హబ్‌లో పెట్టి చేత్తో ముందుకి వెనక్కి తిప్పితే ఖాళీ లేకుండా గట్టిగా ఉండాలి. ఊరికే ఆడుతుంటే ఎక్సిలేటర్ వదిలి ఇచ్చినప్పుడల్లా టంగ్ అని కొట్టేది అదే. కొంతమంది పాత ట్యూబ్ ముక్కలు కోసి రబ్బర్ల పక్కన దూరుస్తారు, దారి మధ్యలో ఇంటిదాకా రావడానికి ఓకే, దాంతోనే లాంగ్ ప్లాన్ చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. నావి గట్టిపడి పగుళ్లు వచ్చాయి, సెట్ మొత్తం మార్చేశా.

బేరింగ్ కొనడం తేలిక, నంబరు దాని మీదే ఉంటుంది. ఉదాహరణకి 6205 2ఆర్ఎస్ అని ఉంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు, 2ఆర్ఎస్ అంటే రెండు పక్కలా రబ్బర్ సీల్. చివర్లో సీ3 అని ఉంటే అది కూడా మ్యాచ్ చేయండి, లోపల ఖాళీ కొంచెం ఎక్కువుండే రకం అది. ఎక్కించడమే జాగ్రత్తగా చేయాల్సిన పని. కొత్త బేరింగ్‌ని కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, క్యారియర్‌ని హాట్ ఎయిర్ గన్‌తో నీటి చుక్క వేస్తే చుయ్‌మనేంత వేడి చేస్తే అల్యూమినియం వ్యాకోచించి సీటు కొంచెం వదులవుతుంది, బేరింగ్ దాదాపు చేత్తోనే దిగిపోతుంది. కొంచెం కొట్టాల్సి వస్తే అవుటర్ రేస్ మీద మాత్రమే ఆనే సాకెట్ గానీ పాత బేరింగ్ గానీ పెట్టి కొట్టాలి. ఇన్నర్ రేస్ మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదకి వెళ్లి కొత్త బేరింగ్‌కి మొదటి రోజే గుంటలు పడతాయి, తర్వాత అదే గర్ర్ మళ్లీ. వంకరగా దిగుతుంటే ఆపి బయటకి తీసి మళ్లీ మొదలుపెట్టండి. కొత్త సీల్, కొత్త స్పేసర్, సీల్ పెదవికి కొంచెం గ్రీజు. గాడి పడిన పాత స్పేసర్ మాత్రం మళ్లీ వేయొద్దు, అది ఉంటే మిగతా అంతా వేస్టు.

చక్రం ఎక్కించేటప్పుడు యాక్సిల్ బిగించే ముందు వెనక స్పాకెట్‌కీ కింది చైన్‌కీ మధ్య మడిచిన గుడ్డ పెట్టి చక్రాన్ని చేత్తో ముందుకి కొంచెం తిప్పితే చైన్ లాగి యాక్సిల్‌ని అడ్జస్టర్లకి గట్టిగా ఆనించేస్తుంది, అప్పుడు టార్క్ రెంచ్‌తో నట్టు బిగించండి, పెద్ద బళ్లకి ఇది 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఖచ్చితమైనది మాన్యువల్లో చూడండి. గుడ్డ తీయడం మర్చిపోవద్దు. బిగించాక లూజు మళ్లీ కొలవండి, నట్టు బిగించేటప్పుడు కొలత మారడం చాలా మామూలు.

లోడ్ వేసుకుని అదే రోడ్డు మీదకి తీసుకెళ్తే గరగర పూర్తిగా పోయింది. గుంయ్‌మని సన్నని స్వరం మాత్రం మిగిలింది, అది ముందు స్పాకెట్ నుంచి. కంపెనీ నుంచి వచ్చే ముందు స్పాకెట్లలో కొన్నిటికి రెండు పక్కలా రబ్బర్ రింగు అంటించి ఉంటుంది, చైన్ లింకులు పళ్ల మీద పడే సౌండ్‌ని అది మింగేస్తుంది, బయట కొన్న స్పాకెట్‌కి చాలావాటికి ఆ రింగు ఉండదు. నా బండికి ఉన్నది రింగు లేనిదే. ఆ సౌండ్ జబ్బు కాదు, దానికోసం మళ్లీ విప్పక్కర్లేదు, వచ్చేసారి సెట్ మార్చినప్పుడు రింగు ఉన్నది అడిగి తీసుకుంటా.

టైరు సౌండ్‌ని చైన్ సౌండ్ అనుకోవడం కూడా బాగా జరుగుతుంది, టైరు మెట్లుమెట్లుగా అరిగితే గుంయ్ వస్తుంది కానీ క్లచ్ పట్టినా పోదు, బండి మలుపులో వాలితే మారిపోతుంది. స్వింగార్మ్ ముందు భాగంలో ఉండే ప్లాస్టిక్ స్లైడర్ అరిగిపోయినా లూజు చైన్ దాన్ని దాటి మెటల్‌ని గీస్తుంది, ఆ గీరుడు సౌండ్ వస్తే వెంటనే చూడండి, చైన్ స్వింగార్మ్‌ని తినేస్తుంది.

షాఫ్ట్ డ్రైవ్ (చైన్ బదులు ఒక కడ్డీ వెనక చక్రాన్ని తిప్పే) బళ్ల వాళ్లకి చైన్ గొడవ లేదు కానీ పద్ధతి ఇదే, క్లచ్ టెస్టు అదే. వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ప్లే ఉందంటే ఫైనల్ డ్రైవ్ (వెనక చక్రం దగ్గరుండే గేర్ల పెట్టె) బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఫైనల్ డ్రైవ్ ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని పేస్టు ఉంటే మామూలే, వేలికి గుచ్చుకునే మెటల్ పొరలు, ముక్కలు కనపడితే ఆ బండితో లాంగ్ వెళ్లొద్దు. స్ప్లైన్ల (షాఫ్ట్ చివర జత కలిపే పళ్ల) దగ్గర తుప్పు రంగు పొడి ఉంటే గ్రీజు ఎండిపోయి ఆ పళ్లు అరిగిపోతున్నాయని అర్థం, అక్కడ మామూలు గ్రీజు కాదు, మాలీ (మాలిబ్డినం) పేస్ట్ పెట్టాలి.

చివరగా, కొత్త బేరింగ్, రబ్బర్లు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఒకసారి ఆగి హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి, చైన్ లూజు ఇద్దరూ ఎక్కి ఉన్నప్పుడు మళ్లీ కొలవండి, యాక్సిల్ నట్టు మీద పెయింట్ గీత పెట్టుకుంటే అది కదిలిందో లేదో ఆగిన చోటల్లా చూసుకోవచ్చు. మీ బండి సౌండ్ గురించి కామెంట్లో అడిగేటప్పుడు రికార్డింగ్ ఒక్కటే పంపకండి, క్లచ్ పడితే ఏమవుతోంది, గేరు మారితే ఏమవుతోంది, లోడు ఉన్నప్పుడు లేనప్పుడు తేడా ఏంటి, ఈ మూడూ రాయండి, అప్పుడే ఎవరైనా సరిగ్గా చెప్పగలరు.